ఇరవై నాలుగు గంటల రక్తపోటు – నాలుగేళ్ళకొక పరీక్ష

రక్తపోటు కలవారి జబ్బు అనీ, కదలకుండా కూర్చుని తినేవారికి వచ్చే జబ్బు అనీ ఒక అభిప్రాయం శ్రామికులలో చాలాకాలంగా ఉన్నది. ఆ అభిప్రాయం ఎంత తప్పో మన రైల్వే కాలనీలలో ఏ వీధిలో అడిగినా తెలుస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రకటించబడిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశపు వయోజనులలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉన్నది. ప్రపంచంలో ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదనీ, అదుపులో ఉంచుకోగలుగుతున్నవారు ఐదుగురిలో ఒకరు మాత్రమేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నొప్పి లేదు, జ్వరం లేదు, మంచం పట్టించదు. కనుక ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేనాటికి ఒక చెయ్యి పడిపోయి ఉంటుంది, లేదా మూత్రపిండాలు చెడి ఉంటాయి.

వైద్యులు వ్రాయవలసిన విషయాన్ని కార్మిక పత్రిక సంపాదకీయంలో ఎందుకు వ్రాస్తున్నారని పాఠకులు అడగవచ్చు. రక్తపోటు ఉప్పుకూ మందుబిళ్ళకూ సంబంధించినది మాత్రమే అయితే మేము వ్రాయనవసరం లేదు. అది పనిగంటలకూ నిద్రగంటలకూ సంబంధించినది కూడా. గంటల ప్రశ్న వచ్చిన చోట కార్మిక సంఘం మౌనంగా ఉండజాలదు.

బొగ్గుకు రాత్రి లేదు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణాన్నే తీసుకుందాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వెంబడి మన తెలుగు శ్రామికులు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు వచ్చి స్థిరపడ్డారు. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన తొలితరం నాయకులలో వి.వి.గిరి ఒకరు. ఆనాటివారి మనుమలు, మునిమనుమలు ఈనాడు ఇంజను మీద, గార్డు పెట్టెలో, కేబిన్‌లో, పట్టాల మీద, షెడ్డులో పనిచేస్తున్నారు. 2003 నుండి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. కోర్బా, గేవ్రా గనుల బొగ్గు దేశంలోని విద్యుత్ కేంద్రాలకు పోయే దారులు ఇక్కడివి. 2022 ఆగస్టు 15న ఈ రైల్వే ఐదు గూడ్సు రైళ్ళను ఒకటిగా కూర్చి, 295 వ్యాగన్లతో, మూడున్నర కిలోమీటర్ల పొడవున ‘సూపర్ వాసుకి’ అనే రైలును నడిపి దేశమంతటికీ చాటుకున్నది. రైలు పొడవు ఎంతో, బరువు ఎంతో అందరికీ లెక్కలు చెప్పారు. ఇటువంటి రైళ్ళను నడిపేవారు నెలకు ఎన్ని రాత్రులు నిద్రపోతున్నారో ఆ లెక్కను ఎవరూ అడగలేదు.

గూడ్సు సిబ్బందికి నికరమైన వేళలు లేవు. ఎప్పుడు పిలుపు వస్తే అప్పుడు బయలుదేరాలి. ఒకప్పుడు కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని క్వార్టరు తలుపు తట్టేవాడు, ఇప్పుడు ఫోను మోగుతుంది. సోమవారం వేకువన, బుధవారం అర్ధరాత్రి, శుక్రవారం మిట్టమధ్యాహ్నం. పిలుపు వస్తుందేమోనన్న ఎదురుచూపుతో పట్టే నిద్ర నిద్ర కాదని ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే చెబుతుంది. ఆమె నిద్రా అంతే, ఆమె రక్తపోటు ఎవరూ చూడరు.

నిద్రలో దిగవలసినది దిగకపోతే

ఆరోగ్యవంతుని రక్తపోటు రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. నిద్ర లేచే వేళకు పెరగనారంభించి, పనివేళల్లో ఎత్తుగా ఉండి, సాయంత్రానికి తగ్గుముఖం పట్టి, గాఢనిద్రలో పగటి స్థాయికన్నా నూటికి పది నుండి ఇరవై వంతుల మేరకు దిగుతుంది. పగలు పై అంకె 130 ఉండేవానికి నిద్రలో 104 నుండి 117 మధ్యకు రావాలి. ఈ దిగుదలే గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు దినదినమూ లభించే విశ్రాంతి.

కొందరిలో ఈ దిగుదల ఉండదు. అటువంటివారిలో పక్షవాతం వచ్చినవారు ఎక్కువగా కనిపిస్తున్నారని 1988లో ఐర్లండు వైద్యుడు ఓబ్రయన్, ఆయన సహచరులు ‘లాన్సెట్’ పత్రికలో వ్రాశారు. ఆ తరువాత అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు ఆస్పత్రి బల్ల దగ్గర చూసిన అంకెకన్నా నిద్రలోని అంకె రాబోయే ప్రమాదాన్ని ఎక్కువగా తెలుపుతుందని తేల్చాయి. అందుకే లెక్కలు కూడా వేళను బట్టి వేరుగా ఉన్నాయి. ఆస్పత్రిలో 140/90, ఇంట్లో 135/85 దాటితే అధిక రక్తపోటు అంటారు. నిద్రవేళ సగటు 120/70 దాటినా అది అధికమే. పగలు వైద్యుని ముందు సవ్యంగా కనబడి, రాత్రివేళ ఎక్కువగా ఉండే రక్తపోటు కూడా ఉన్నదన్నమాట. దానిని పట్టుకోవడానికి చేతికి పట్టీ కట్టి, ఇరవై నాలుగు గంటలపాటు పగలు పదిహేను, ముప్పై నిమిషాలకు, రాత్రి అరగంట, గంటకు ఒకసారి దానంతట అదే కొలిచే యంత్రం కావాలి.

రాత్రి పని చేసేవారి శరీరంలో జరిగేది ఇదే. దిగవలసిన వేళలో సిగ్నళ్ళ మీద కన్ను, బ్రేకు మీద చెయ్యి ఉంటాయి. పగలు పడుకున్నా వెలుతురు, వేడి, పిల్లల అలికిడి, వీధి చప్పుడు నిద్రను తుంచుతాయి. వేళలు మారుతూ ఉండేకొద్దీ శరీరంలోని గడియారానికి ఏది పగలో ఏది రాత్రో తెలియని స్థితి వస్తుంది. గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారిలో ఈ నష్టం మరింత ఎక్కువ. గురకను నవ్వులాటగా తీసుకోరాదు, వైద్యునికి చెప్పాలి.

ఇక కూర్చుని చేసే పని సంగతి. 1953లో లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించిన జెర్రీ మారిస్ బృందం, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకన్నా కూర్చుని నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా ఉన్నదని తేల్చినది. ఒకే డిపో, ఒకే బస్సు, పని స్వభావం మాత్రమే వేరు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు సాధారణ గంటలు పనిచేసేవారికన్నా నూటికి 35 వంతులు ఎక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ఎనిమిది గంటల పనిదినం కోసం మన పూర్వులు చేసిన పోరాటం ఆరోగ్య పోరాటమేనన్న మాట ఇప్పుడు అంకెలలో రుజువైనది.

చట్టం వ్రాసిన మందుచీటీ

ఈ విషయం చట్టానికి తెలియనిది కాదు. 1989 నాటి రైల్వే చట్టం 133వ సెక్షన్ రన్నింగ్ సిబ్బందికి నెలకు కనీసం 30 గంటల చొప్పున నాలుగు విశ్రాంతులు, లేదా 22 గంటల చొప్పున ఐదు విశ్రాంతులు ఇవ్వాలని చెబుతూ, అందులో ‘పూర్తి రాత్రి’ ఉండాలని కూడా నిర్దేశించినది. పూర్తి రాత్రి అన్న ఆ రెండు మాటలు ఏ వైద్యుడు వ్రాసిన చీటీకీ తీసిపోవు. అవి ఊరికే రాలేదు. 1947లో రాజాధ్యక్ష తీర్పు, 1969లో ఏర్పడిన మియాభాయ్ ట్రిబ్యునల్, 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె, 1974 మే నెలలో ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మె, వీటన్నిటిలోనూ పనిగంటల ప్రశ్న ముందు నిలిచినది. డ్యూటీ దిగగానే సహజంగా రావలసిన పదహారు గంటల విశ్రాంతిని వారపు విశ్రాంతి ముప్పై గంటలలోనే కలిపివేయరాదనీ, వెంట వెంట రెండు రాత్రులకు మించి పనిచేయించరాదనీ లోకో పైలట్లు కోరుతున్నది కూడా అందుకే. వారు అడుగుతున్నది సౌఖ్యం కాదు. నిద్రలో దిగవలసిన రక్తపోటు దిగడానికి వ్యవధి అడుగుతున్నారు.

ఊదుడు ప్రతిరోజూ, కొలత ఎప్పుడో

లాబీలో సైన్ ఆన్ చేసే ప్రతిసారీ లోకో పైలట్ యంత్రంలోకి ఊది తాను త్రాగలేదని నిరూపించుకోవాలి. దానికి మేము అభ్యంతరం చెప్పము. ప్రయాణికుల ప్రాణాలు చేతిలో ఉన్నవాడు త్రాగరాదు. మరి అదే మనిషి గుండె, నాళాల సంగతి? నియమిత వైద్య పరీక్ష 45 ఏళ్ళ వయసు వరకు నాలుగేళ్ళకొకసారి, 55 వరకు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా. అంటే నలభై రెండేళ్ళ లోకో పైలట్‌కు ఈ పరీక్ష నాలుగేళ్ళలో ఒకనాడు, అదీ పగటిపూట, ఎప్పుడు ముగుస్తుందా అన్న ఆదుర్దాలో జరుగుతుంది. ఇరవై నాలుగు గంటలూ మారే రక్తపోటును ఆ ఒక్క అంకెతో ఎలా తెలుసుకోగలరు?

2025 నవంబరు 4న గేవ్రా రోడ్ నుండి వస్తున్న మెము రైలు బిలాస్‌పూర్ సమీపంలో నిలిచి ఉన్న గూడ్సు రైలును ఢీకొని పదిమందికి పైగా మరణించారు. రైలు నడిపిన లోకో పైలట్ కూడా వారిలో ఉన్నాడు. ఆ ప్రమాదాన్ని రక్తపోటుతో ముడిపెట్టడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. కాని ఏ ప్రమాదం జరిగినా ముందుగా వేలు చూపేది నడిపినవాని మీదికే. ఆ వేలు చూపేవారు ఆ మనిషి నిద్రను, ఆరోగ్యాన్ని ప్రమాదానికి ముందే అడిగి ఉండాలి.

దాచుకునేవారికి ఒక మాట

ఇక్కడ మన సభ్యులతో నిర్మొహమాటంగా మాట్లాడవలసి ఉన్నది. రక్తపోటు ఉన్నదని తెలిసి కూడా దాచుకునేవారు మనలో ఉన్నారు. రైల్వే ఆస్పత్రికి పోకుండా బజారులో బిళ్ళలు కొనుక్కుంటారు. వైద్య పరీక్షకు వారం ముందు రెట్టింపు మింగి, పరీక్ష దాటగానే మానివేస్తారు. కారణం మాకు తెలుసు. వర్గం తగ్గిస్తే కిలోమీటరు భత్యం పోతుంది, ఇంటి అప్పు నిలిచిపోతుంది, పిల్లల చదువు ఆగుతుంది. ఆ భయం నిజమైనది. దానిని పిరికితనమని మేము అనము.

కాని లెక్క వేసి చూడండి. మందు వేళకు వేసుకుని రక్తపోటును అదుపులో ఉంచుకున్నవాడు ఇంజను మీద కొనసాగే అవకాశం ఎక్కువా, దాచుకుని పక్షవాతం తెచ్చుకున్నవాడు కొనసాగే అవకాశం ఎక్కువా? వ్యాధి వల్ల వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, అదే జీతపు శ్రేణిలో మరొక పని చూపాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతున్నది. ఆ హక్కు కోసం సంఘం నిలబడుతుంది. చట్టం జీతాన్ని కాపాడగలదు, పడిపోయిన చేతిని తిరిగి లేపలేదు.

విశ్రాంతిని వదులుకుని అదనపు కిలోమీటర్ల కోసం తామే పిలుపు అడిగేవారికి కూడా మా మాట ఇదే. ఆ నెలాఖరున చేతికి వచ్చిన సొమ్ముకు ఖరీదు తరువాత కట్టవలసి వస్తుంది.

మన చేతిలో ఉన్న పని

వేళలు లేని ఉద్యోగంలో కూడా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

కొలత విషయం. చేతిపై భాగానికి పట్టీ కట్టే యంత్రం ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు. టీ, గుట్కా, బీడీ, గుడాఖు ముట్టిన అరగంట లోపల చూడవద్దు. మూత్ర విసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున ఉంచి రెండుసార్లు చూడాలి. తేదీ, గంట మాత్రమే కాక ఏ డ్యూటీ తరువాత, ఎంత నిద్ర తరువాత అన్నది కూడా పుస్తకంలో వ్రాయాలి. రాత్రి పనివారికి ఉదయం, సాయంత్రం అన్న మాటలకు అర్థం లేదు. నిద్ర లేచిన తరువాత ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి అన్నదే వారి లెక్క. ఆ పుస్తకాన్ని వైద్యునికి చూపి, తాము రాత్రి పని చేస్తామని నోరు తెరిచి చెప్పాలి.

మందు విషయం. బిళ్ళ రాత్రి వేసుకుంటే మేలా, పొద్దున మేలా అన్నది చాలాకాలం వివాదంగా ఉన్నది. రాత్రి వేసుకుంటే చాలా మేలని 2019లో స్పెయిన్ నుండి ఒక పరిశోధన వచ్చినది. కాని 2022లో బ్రిటన్‌లో 21,104 మంది మీద జరిగిన పెద్ద పరిశీలన గుండెపోటు, పక్షవాతం, మరణాల విషయంలో రెండింటికీ తేడా లేదని తేల్చినది. వేళ ఏదైనా, తప్పకుండా వేసుకోవడమే ముఖ్యం. కనుక వైద్యునితో మాట్లాడి ఒక గడియ నిర్ణయించుకోండి. ఒక పట్టీ ఇంట్లో, ఒక పట్టీ లైన్ బాక్సులో ఉంచండి. ఒక పూట మరచిపోతే మరుసటి పూట రెండు వేసుకోవద్దు. బాగున్నదని మానవద్దు, బాగున్నది మందు వల్లనే. ఒళ్ళు నొప్పులకు బజారులో కొనే నొప్పి బిళ్ళలు రక్తపోటును పెంచుతాయని, మూత్రపిండాలకు చేటని గుర్తుంచుకోండి.

తిండి విషయం. రోజుకు ఉప్పు ఐదు గ్రాములకు, అంటే ఒక చెంచాకు, లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఊరు విడిచి మూడు తరాలైనా మనం విడవనిది ఆవకాయ జాడీ. దానితో ఉప్పు చేప, అప్పడం, ఊరమిరపకాయ కూడా చేరితే పెరుగన్నం కలపకముందే ఆ చెంచా దాటిపోతుంది. ఆవకాయను మానమని మేము ఆజ్ఞాపించలేము. ముద్దముద్దకూ నంజుకోవడం మానమని మాత్రం కోరగలము.

ప్రమాద సూచనలు. 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబాటు, మూతి వంకర, కాలు చెయ్యి తిమ్మిరి, చూపు మసక వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి పోవాలి. బాధలేమీ లేకుండా అంకె మాత్రమే అంత ఉంటే కూర్చుని మళ్ళీ చూసి, తగ్గకపోతే ఆనాడే వైద్యుని కలవాలి. ఎవరో చెప్పారని నాలుక కింద బిళ్ళ పెట్టుకోవడం ప్రమాదకరం.

యాజమాన్యం చేతిలో ఉన్న పని

ఇంతవరకు చెప్పినవన్నీ కార్మికుడు చేసినా, రాత్రిని తిరిగి ఇవ్వగలిగినది యాజమాన్యమే. ఒక్క ఉదాహరణ చాలు. రక్తపోటుకు వైద్యులు వ్రాసే మందులలో మూత్రాన్ని ఎక్కువచేసే బిళ్ళ ఒకటి, చౌకైనది, మంచిది. కాని మరుగుదొడ్డి లేని ఇంజనులో తొమ్మిది, పది గంటలు కూర్చునేవాడు ఆ బిళ్ళను ఎలా వేసుకుంటాడు? డ్యూటీ రోజున మానివేస్తాడు, లేదా నీళ్ళు త్రాగడం మానివేస్తాడు. బిలాస్‌పూర్ మే నెల ఎండలో ఆ రెండవ పని మరీ ప్రమాదం. మహిళా లోకో పైలట్ల ఇబ్బంది వేరే చెప్పనవసరం లేదు. వైద్యుడు వ్రాసిన మందును ఇంజను నిర్మాణం రద్దు చేస్తున్నదన్నమాట.

కావున మేము ఈ క్రింది విషయాలను కోరుతున్నాము.

1. చట్టంలోని పూర్తి రాత్రి విశ్రాంతి కాగితం మీద కాక మంచం మీద దొరకాలి. డ్యూటీ అనంతర విశ్రాంతిని వారపు విశ్రాంతిలో కలపరాదు. వరుస రాత్రి డ్యూటీలు రెండుకు మించరాదు.

2. ప్రతి లాబీలో, రన్నింగ్ రూములో రక్తపోటు యంత్రం, కూర్చోవడానికి ప్రశాంతమైన చోటు ఉండాలి. కొలత స్వచ్ఛందంగా ఉండాలి. అంకె కార్మికుని పుస్తకానికి, వైద్యునికి మాత్రమే చేరాలి. ఎక్కువ ఉన్నదని తేలినవారికి జీతం, భత్యం కోత లేకుండా చికిత్సకు సెలవు ఇవ్వాలి. చెప్పినవానికి శిక్ష, దాచినవానికి జీతం అన్న పద్ధతి ఉన్నంతకాలం ఎవరూ నిజం చెప్పరు.

3. రైల్వే ఆస్పత్రులలో ఇరవై నాలుగు గంటల రక్తపోటు పరీక్ష నలభై దాటి రాత్రి పనిచేసేవారికందరికీ అందాలి.

4. మందులు నెలకు తక్కువ కాకుండా ఒకేసారి ఇవ్వాలి. 2017లో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాలలో మొదలై, 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం పొందిన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం నేర్పిన పాఠం సులభమైనది: ఒకే చికిత్సా పద్ధతి, దగ్గరలో మందు, రానివారిని వెదకి పిలవడం. అది పల్లె ఆరోగ్య కేంద్రంలో సాధ్యమైనప్పుడు రైల్వే డిస్పెన్సరీలో ఎందుకు సాధ్యం కాదు?

5. అన్ని ఇంజనులలో మరుగుదొడ్డి, రన్నింగ్ రూములలో చీకటి, నిశ్శబ్దం, ఉప్పు తగ్గించిన భోజనం ఏర్పరచాలి.

6. ఈ సౌకర్యాలు పట్టాల మీద, ప్లాట్‌ఫారాల మీద, బోగీలలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు కూడా వర్తించాలి. రాత్రిళ్ళు మేల్కొనేవారిలో వారూ ఉన్నారు, రైల్వే ఆస్పత్రి తలుపు మాత్రం వారికి తెరుచుకోదు.

ఈ డిమాండ్ల సాధనకు మన శాఖలన్నీ పూనుకోవాలి. అంతవరకు ఆగకుండా శాఖా కార్యాలయాలలో ఒక యంత్రం, ఒక కుర్చీ ఏర్పాటు చేసి, సభ్యులకు, వారి భార్యలకు, తల్లిదండ్రులకు, రిటైరైనవారికి కొలిచి వారి పుస్తకాలలో వ్రాసి ఇవ్వాలని మేము విజ్ఞప్తి చేస్తున్నాము. రైలు బ్రేకు పైపులో గాలి ఒత్తిడి చూడకుండా బండిని కదిలించని క్రమశిక్షణ మనది. ఆ క్రమశిక్షణనే మన రక్తనాళాల విషయంలోనూ పాటిద్దాం.